చిత్ర సంతెలో నా బొమ్మ దగ్గర ఎవరూ ఆగలేదు: సమాధానం
అక్కా, బెంగళూరు కుమారకృప రోడ్డులో ఏటా జరిగే ఆ చిత్రకళా సంతలో రోజంతా నిలబడినా, మీరు రంగుల్లో వేసిన అక్కడి కేఆర్ మార్కెట్ పూల అంగళ్ల బొమ్మను జనం చూడకుండానే వెళ్లిపోయారని రాశారు. పనితనంలో లోటేం లేదు. మీరు పెట్టిన ఫోటోను ఫోన్లో నలుపు తెలుపు చేసి చూశాను: బంతిపూలు, బుట్టలు, మనుషులు అన్నీ ఒకటే బూడిద రంగు! రంగులు వేరైనా వెలుగునీడల్లో తేడా లేకపోతే దూరం నుంచి కన్ను ఎక్కడా నిలవదు. మన కాళహస్తి కలంకారీ చూడండి, బెల్లం, ఇనుప తుప్పు పులియబెట్టి తీసిన ఆ నల్లగీత వల్లే బొమ్మ అల్లంత దూరానికి తెలుస్తుంది. మీరు గీతలు వేయక్కర్లేదు. మూలన మాల కట్టే ముసలావిడ ఉందే, ఆమె వెనక నీడను బాగా ముదురు చేసి, చేతిలో మల్లెల తెలుపు అలాగే ఉంచండి. మిగతా బుట్టల్లో సగం మసకబార్చండి (మనసొప్పదు, తెలుసు). కళ్లు సగం మూసి చూస్తే ముందు ఆవిడే కనబడాలి. సైజు పెంచే ఖర్చు మాత్రం పెట్టుకోకండి.