కార్జం ఉబ్బి చనిపోతున్న నాటుకోళ్లు: గుడ్లు పొదగేయొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం దగ్గర ఊరు. పెరట్లో 40 దాకా నాటుకోళ్లున్నాయి. ఏడెనిమిది నెలల పెట్టలు మేత తగ్గించి, తురాయి పాలిపోయి, రొమ్ము ఎముక కత్తిలా తేలి ఒక్కొక్కటే చనిపోతున్నాయి. మూడు నెలల్లో 6 పోయాయి. కోసి చూస్తే కార్జం కడుపు నిండా ఉంది, దాని మీద తెల్లటి గడ్డలు. యాంటీబయాటిక్ పొడి, లివర్ టానిక్ వాడినా గుణం లేదు. డిగ్రీ చదివే మా మేనల్లుడు ఇది రిట్రో వైరస్, ఎయిడ్స్ జాతిది అన్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. దీనికి మందుందా? బాగున్న పెట్టల గుడ్లు పొదగేయొచ్చా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి లింఫాయిడ్ లూకోసిస్ అనే కణితుల జబ్బును ముందుగా అనుమానించాలి. దాన్ని తెచ్చేది నిజంగానే రిట్రో వైరస్. మీ మేనల్లుడు తప్పు చెప్పలేదు, సగం చెప్పాడు. హెచ్‌ఐవీ, ఈ కోళ్ల వైరస్ దూరపు చుట్టాలు, అంతే. కోళ్ల లూకోసిస్ వైరస్ మనుషులకు జబ్బు తెచ్చినట్టు రుజువు లేదు. ఉడికించిన గుడ్డు నిశ్చింతగా తినండి. చిక్కిపోయిన కోడిని మాత్రం కూరకు వాడకండి, దానికి కారణం వేరే ఉంది, కింద రాస్తాను.

మందు ఎందుకు పనిచేయలేదంటారా? కొక్కెర తెగులు వైరస్ కణంలో దూరి, తన నకళ్లు చేసుకుని, కొద్ది రోజుల్లో అటో ఇటో తేల్చేస్తుంది. లూకోసిస్ వైరస్ అలా కాదు, కణంలోనే కాపురం పెడుతుంది. దీని జన్యువు ఆర్‌ఎన్‌ఏ, కోడిది డీఎన్‌ఏ. కణంలోకి రాగానే, వెంట తెచ్చుకున్న రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. మామూలుగా డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది, ఇది దానికి ఉల్టా. కోళ్ల కణితి వైరస్ మీద పనిచేస్తూ హోవర్డ్ టెమిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ మాట 1960లలో చెబితే చాలామంది నమ్మలేదు. 1970లో ఆయనా, డేవిడ్ బాల్టిమోరూ విడివిడిగా ఆ ఎంజైమును పట్టుకున్నారు. 1975లో నోబెల్ వచ్చింది. హెచ్‌ఐవీ పేరు ఎవరికీ తెలియని రోజులవి.

తరవాతి పని ఇంటిగ్రేజ్ అనే ఇంకో ఎంజైముది. అది వైరస్ డీఎన్‌ఏ కొసలు సవరించి, కోడి డీఎన్‌ఏను కోసి అందులో అతికిస్తుంది. డీఎన్‌ఏకు రెండు పోగులు కదా, రెండింటినీ ఎదురెదురుగా కాకుండా 6 అక్షరాల (డీఎన్‌ఏ పోగులో వరసగా ఉండే చిన్న భాగాలను అలా అంటాం) ఎడంగా కోస్తుంది. మిగిలిన ఖాళీలను కోడి కణమే తన సొంత రిపేరు సామగ్రితో పూడ్చేస్తుంది. దొంగ బిగించిన తలుపుకి ఇంటివాడే మేకులు కొట్టినట్టు! అందుకే వైరస్‌కు అటూ ఇటూ అవే 6 అక్షరాలు రెండుసార్లు కనిపిస్తాయి.

మీ ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) పుస్తకంలో ఎవరో దొంగ పేజీ కుట్టేశారనుకోండి. ఆ తరవాత తీసిన ప్రతి నకలులోనూ అది వస్తుంది. దాదాపు 100 కోట్ల అక్షరాల కోడి పుస్తకంలో ఈ పేజీ 7 వేల పైచిలుకు అక్షరాలే, కానీ కణం ఎన్నిసార్లు చీలినా పోదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది గానీ ఆ పేజీ చింపలేదు. లివర్ టానిక్ డబ్బుతో నూకలు కొనుంటే కోళ్లు తినేవి.

పేజీ ఎక్కడ పడుతుందనేది చాలావరకు అదృష్టం. ఎక్కువ కణాల్లో ఏమీ కాదు. ఎక్కడో ఒక కణంలో, పెరుగుదలను నడిపే మిక్ అనే జన్యువు పక్కన పడుతుంది. వైరస్ కొసల్లో పక్క జన్యువును ఉసిగొల్పే భాగం ఉంటుంది, దాంతో మిక్‌కు పట్టపగ్గాలుండవు. ఈ సంగతి 1981లో కోళ్లలోనే బయటపడింది. రెట్ట ద్వారం పైన బర్సా అనే చిన్న సంచిలో అలా అదుపు తప్పిన కణమే పెరిగి పెరిగి కార్జానికి పాకుతుంది. దీనికి నెలలు పడుతుంది. పిల్లప్పుడు అంటిన వైరస్ గుడ్లు పెట్టే వయసులో చంపడం అందుకే.

ఇక గుడ్ల సంగతి. ఈ మందలో గుడ్లు పొదగేయకండి, బాగున్నట్టు కనిపించే పెట్టవి కూడా. వైరస్ తెల్లసొన ద్వారా పిల్లకు చేరుతుంది. గుడ్డులోనే అంటుకున్న పిల్ల శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించదు, ఎదిరించదు. అలాంటి పెట్ట నిగనిగలాడుతూనే తన గుడ్లలోకి మళ్లీ వైరస్‌ను దింపుతుంది. గుడ్లు ఇంట్లో వండుకోండి, పొదగేసుకుంటామని అడిగినవాళ్లకు ఇవ్వకండి. దీనికి టీకా లేదు. హేచరీలో తొలిరోజు వేసే మారెక్స్ టీకా, మారెక్స్ అనే వేరే కోళ్ల జబ్బుకి. కొత్త పిల్లల్ని సంతలో కాకుండా నమ్మకమైన చోట తెచ్చి, కనీసం ఆరు వారాలు పెద్దకోళ్ల వాసన తగలకుండా పెంచండి. కోడి ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువ కాలం బతకదు కాబట్టి గూడు కడిగి, సున్నం కొట్టి, కొన్నాళ్లు ఎండనిస్తే చాలు. కొక్కెర తెగులు ఇంజెక్షన్ వేయించేటప్పుడు అన్ని కోళ్లకూ ఒకే సూది పొడవనివ్వకండి.

అయితే ఇదంతా లూకోసిస్ అయితేనే. మారెక్స్‌లోనూ ఇలాంటి గడ్డలే వస్తాయి. చదువుకునే రోజుల్లో నేను ఒక పెట్టను కోసి ధీమాగా మారెక్స్ అని రాశాను, సూక్ష్మదర్శిని కింద లూకోసిస్ అని తేలింది. ముసలి కోళ్లలో టీబీ గడ్డలూ కార్జం మీదే కనిపిస్తాయి, కూర వద్దన్నది అందుకే. ఈసారి కోడి చనిపోతే మీరు ఉత్తచేతులతో కోయకండి, పశువైద్యుణ్ణి పిలవండి. ఏడెనిమిది నెలల పెట్టలో బర్సా ముడుచుకుపోయి ఉండాలి. గడ్డకట్టి ఉబ్బి ఉంటే లూకోసిస్ అనుమానం బలపడుతుంది, తొడ నరం లావెక్కితే మారెక్స్. కార్జం, బర్సా, నరం ముక్కలు వేలి మందం కన్నా పల్చగా కోయించి ఫార్మలిన్ (ముక్కలు చెడకుండా ఉంచే మందు) సీసాలో వేయిస్తే, భువనేశ్వర్ పశువైద్య కళాశాలకైనా ఆంధ్రలోని గరివిడి పశువైద్య కళాశాలకైనా పంపొచ్చు. డాక్టరు వచ్చేదాకా కోడిని చల్లగా ఉంచండి గానీ ఫ్రీజర్లో పెట్టకండి, గడ్డకడితే కణాలు పగిలి పరీక్షకు పనికిరావు.