ఆ పల్లెకు పేరు పెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పబ్బు హత్యకథ స్క్రిప్టు చేరింది. సగం రాత్రి చదివాను, మిగతాది మర్నాడు భోజనం వేళ దాటిపోయిందని ఇంట్లో చీవాట్లు తింటూ పూర్తి చేశాను. పబ్బు మూసే వేళకు డీజే తీగలు చుట్టుకుంటుంటే, ఊడ్చేవాళ్లు వచ్చి మామూలు లైట్లన్నీ వేసేసరికి, అప్పటిదాకా ధగధగలాడిన గోడల మీద చెమ్మ మరకలు బయటపడతాయని రాశావే, అది కళ్లారా చూసినవాడు తప్ప రాయలేడు. మెచ్చుకోలు ఇంతటితో సరిపెడుతున్నాను, ఎందుకంటే పదకొండో పేజీ దగ్గర నాకు ఒళ్లు మండింది.

హత్యకు గురయ్యే కుర్రవాణ్ని ఆ పేజీలో పరిచయం చేస్తూ నువ్వు రాసింది ఇదీ: "వయసు ఇరవై మూడు. పబ్బులో పిల్స్ అమ్ముతుంటాడు. నెల్లూరు దగ్గర ఏదో పల్లె." చంపేవాడికి జూబ్లీహిల్స్‌లో ఇల్లుంది, ఇంట్లో పియానో ఉంది, చిన్నప్పుడు తండ్రి బెల్టుతో కొట్టిన దెబ్బలున్నాయి, అద్దం ముందు నిలబడి తనలో తాను మాట్లాడుకునే సీన్లున్నాయి. చచ్చేవాడికి మాత్రం ఊరి పేరు కూడా లేదు. పైగా నువ్వు కావలివాడివి. అల్లూరు, విడవలూరు, కొడవలూరు, ఇందుకూరుపేట అంటూ ఇన్ని ఊళ్ల పేర్లు నోట్లో నానుతూ పెరిగినవాడికి "ఏదో పల్లె" అని రాయడానికి చెయ్యెలా వచ్చింది నాయనా?

నీకు ప్రేరణ అని చెప్పుకున్న "పార్టీ మాన్‌స్టర్" సినిమాను నేనూ చూశాను. మనవడు లాప్‌టాప్‌లో పెట్టి ఇచ్చాడు. 2003లో వచ్చిన ఆ సినిమా కల్పించిన కథ కాదని నీకు తెలుసు. న్యూయార్క్‌లో పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన ఒక చర్చి భవనంలో 1983లో లైమ్‌లైట్ అనే నైట్‌క్లబ్ పెట్టారు. అక్కడ పార్టీలు నడిపిన మైకేల్ ఆలిగ్, ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊరి నుంచి వచ్చి, చిత్రవిచిత్ర వేషాల "క్లబ్ కిడ్స్" గుంపుకు నాయకుడై, టీవీ కార్యక్రమాల దాకా ఎక్కినవాడు. 1996 మార్చిలో అతనూ రాబర్ట్ రిగ్స్ అనే మరొకడూ కలిసి ఆండ్రే మెలెండెజ్‌ను చంపి, శవాన్ని హడ్సన్ నదిలో పడేశారు. మెలెండెజ్ ఆ క్లబ్బుల్లో మత్తుమందులు అమ్మేవాడు, వీపుకు రెక్కలు తగిలించుకుని తిరిగేవాడు కనుక అందరూ ఏంజెల్ అని పిలిచేవారు.

ఇంతవరకు నువ్వు నాకన్నా బాగా చెప్పగలవు. ఆ తర్వాత జరిగినదాని మీద నీ దృష్టి నిలవలేదని నా ఫిర్యాదు. శవం ఏప్రిల్‌లోనే స్టాటెన్ ఐలాండ్ ఒడ్డున దొరికింది. అది ఫలానా వాడిదని అధికారులు తేల్చింది మాత్రం నవంబరులో. మధ్యలో అన్ని నెలలూ ఆ మనిషి పేరు లేని శవంగా ఉండిపోయాడు. ఆ నెలల్లోనే ఆలిగ్ తానే చంపానని కనబడినవాళ్లతో చెప్పుకుంటూ తిరిగాడు, విన్నవాళ్లు ఇది కూడా వాడి వేషాల్లో ఒకటి అనుకున్నారు. విలేజ్ వాయిస్ పత్రికలో మైకేల్ మస్టో అనే కాలమిస్టు పేర్లు రాయకుండా ఆ గుసగుసను అచ్చు వేశాడు. చచ్చినవాడి సోదరుడు నగరమంతా వెతుకుతూ, అడిగినవాళ్లనే మళ్లీ అడుగుతూ తిరిగాడు. కేసు కదలడానికి ఆ మనిషి పట్టుదల ఒక కారణం. 1997లో హంతకులిద్దరూ నేరం ఒప్పుకున్నారు, హత్యకన్నా తక్కువ నేరం కింద చెరొక 10 నుంచి 20 ఏళ్ల శిక్ష పడింది. ఆలిగ్ 2014లో విడుదలై 2020 డిసెంబరులో పోయాడు. పోయినప్పుడు పెద్ద పత్రికలు అతని జీవితమంతా తవ్వి సంస్మరణలు రాశాయి.

సినిమా ఎందుకు అలా తయారైందో కూడా చూడు. దానికి ఆధారం జేమ్స్ సెయింట్ జేమ్స్ రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం. ఆయన ఆలిగ్‌కు స్నేహితుడు, అదే గుంపులో మనిషి. స్నేహితుడి కళ్లతో చూస్తే స్నేహితుడే కనబడతాడు. ఆ పైన ఆలిగ్ వేషం వేసినవాడు మెకాలే కల్కిన్, చిన్నతనంలో లోకమంతా ముద్దు చేసిన నటుడు, ఏళ్ల తరబడి సినిమాలు మానుకుని దీనితో తిరిగి వచ్చాడు. ప్రేక్షకుడి కన్ను అతన్ని దాటి ఎక్కడికి పోతుంది? నాకు సినిమా ముగిశాక రెక్కలు గుర్తున్నాయి కానీ వాటిని తగిలించుకున్న మనిషి గుర్తు లేడు. ఆ సినిమా తీసినవాళ్లకు ఆ పుస్తకం ఉంది, ఆ స్నేహం ఉంది, కనీసం ఆ సాకు ఉంది. నీకు ఏ హంతకుడితోనూ స్నేహం లేదు కదా, వాడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవలసిన అవసరం నీకేమొచ్చింది?

చచ్చినవాడి కోసం అన్నం మూత పెట్టి ఎదురుచూసిన ఇల్లు ఒకటి చూపించలేని నేరకథ ఎంత బాగా తీసినా నా దృష్టిలో అసంపూర్ణమే. ఇది నా మూర్ఖత్వం అనుకున్నా సరే, చాలాకాలంగా అంటున్నాను, ఇకముందూ అంటాను.

నేను కోవూరులో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరుగా ఉండేవాణ్ని. జీతం ఉండదు, అచ్చయిన మేరకు కొలిచి లైన్ అకౌంట్ ఇస్తారు. ఒకరోజు పెన్న ఇసుకలో ఒక యువకుడి శవం దొరికింది. ఒంటి మీద నీలం గళ్ల చొక్కా ఉంది, కాలరు లోపల టైలరు లేబుల్ మీద పామూరు అని ఊరి పేరుంది. అప్పట్లో అలాంటి శవాలకు ఆ లేబులే చిరునామా. అది కచ్చితంగా వేయమని కింద గీత గీసి మరీ వార్త పంపాను. డెస్కులో కూర్చున్న మహానుభావుడు "గుర్తు తెలియని వ్యక్తి మృతి" అని శీర్షిక పెట్టి నాలుగు లైన్లు ఉంచి లేబుల్ కోసేశాడు. అడిగితే స్థలం చాలలేదన్నాడు. అదే పేజీలో ఒక సినిమా నటి నెల్లూరులో నగల దుకాణం ప్రారంభించిన ఫోటోకు మూడు కాలమ్‌ల స్థలం చాలింది. కొన్ని వారాలకు పామూరు వైపు నుంచి చచ్చినవాడి అన్న వచ్చాడు, పాస్‌పోర్టు ఫోటో ఒకటి పట్టుకుని అప్పటికే నెల్లూరు ఆసుపత్రులూ హోటళ్లూ తిరిగి ఉన్నాడు. ఖననం ఎప్పుడో అయిపోయింది. స్టేషనులో దాచిన బట్టల మూట విప్పితే ఆ చొక్కా తీసి కాలరు తిప్పి చూశాడు. తర్వాత తాను తొడుక్కున్న చొక్కా కాలరు కూడా వెనక్కి తిప్పి హెడ్ కానిస్టేబులుకు చూపించాడు. ఒకే టైలరు, ఒకే లేబుల్.

ఆ అన్న వైపు నుంచి ఒక కథ రాసి అప్పట్లో బాగా అమ్ముడుపోయే ఒక వారపత్రికకు పంపాను. క్షుద్ర నవలల రోజులవి, నిమ్మకాయ కోయకుండా, పుర్రె చూపించకుండా సీరియల్ వారం ముగిసేది కాదు. సంపాదకుడు కథ తిప్పి పంపుతూ, చంపినవాడెవడో తెలియని కథ ఎవరు చదువుతారు, హంతకుడి వైపు నుంచి తిరగరాస్తే థ్రిల్ ఉంటుంది అని సలహా ఇచ్చాడు. నేను తిరగరాయలేదు. చివరికి అది ఎవరి కంటా పడని ఒక చిన్న పత్రికలో వచ్చింది, పారితోషికం కింద రెండు కాపీలు ఇచ్చారు. ఇప్పుడు ఆ సంపాదకుడి మాటనే మీ వెబ్ సిరీస్‌ల వాళ్లు డార్క్ అని, సైకలాజికల్ అని కొత్త బట్టలు తొడిగి చెబుతున్నారు. నీ చేత ఆ ఇంటినీ పియానోనూ రాయించింది కూడా ఆ గాలే అని నా అనుమానం.

నిజంగా జరిగిన కేసు తీసుకుంటే ఎవరి అనుమతి కావాలని అడిగావు. ఆటో శంకర్ పేరు వినే ఉంటావు. మద్రాసులో హత్యలు చేసి ఉరిశిక్ష పడినవాడు, జైల్లో ఉండగా ఆత్మకథ రాసుకున్నాడు. దాన్ని నక్కీరన్ పత్రిక అచ్చు వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. 1994లో సుప్రీంకోర్టు, ప్రజా రికార్డుల్లో ఉన్నంత మేరకు అతని అనుమతి లేకపోయినా ప్రచురించవచ్చని, అది దాటి సొంత బతుకులోకి చొరబడితే మాత్రం గోప్యతా హక్కుకు జవాబు చెప్పుకోవాలని తీర్పు ఇచ్చింది. కాబట్టి నువ్వు ఎంచుకున్న కేసు తీర్పు నకలు తీసుకో, ఛార్జిషీటు దొరికితే చదువు. అందులో మృతుడి పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు, మండలం వరసగా ఉంటాయి. శవ పంచనామాలో ఆఖరుసారి ప్రాణంతో ఎవరికి, ఎక్కడ కనబడ్డాడో రాస్తారు, ఒంటి మీద బట్టలేమిటో, జేబులో ఏముందో రాస్తారు. ఆ మనిషి విషయంలో పోలీసు కాగితం నీ స్క్రిప్టుకన్నా దయగా ఉంటుంది. అన్నట్టు నీ ఎస్సై ఇప్పటికీ అసహజ మరణానికి 174, హత్యకు 302 సెక్షన్లు అంటున్నాడు. కొత్త చట్టాలు వచ్చి 2024 జులై నుంచి అవి 194, 103 అయ్యాయి, దిద్దుకో.

నీకు తెలియకుండానే నువ్వొక మంచి వస్తువును చేతిలోకి తీసుకుని జారవిడిచావు. పబ్బు గుమ్మం దగ్గర బౌన్సరు చేతికి కట్టే కాగితపు పట్టీ సంగతి రెండో పేజీలో రాశావు. ఆ కుర్రవాడు రోజూ వచ్చేవాడు కనుక వాడికి లోపలికి వెళ్లడానికి కట్టే కవర్ చార్జీ లేదు, అయినా పట్టీ కడతారు, అది వాడు ఇంటికి వెళ్లేదాకా విప్పడు అని కూడా రాశావు. ఆ తర్వాత దాన్ని పూర్తిగా మర్చిపోయావు. పంచనామా సీనులో ఆ చెయ్యి చూపించు, అది ఏ రాత్రి పట్టీనో, ఏ రంగో కానిస్టేబుల్ చేత పలికించి రాయించు. ఊళ్లో తల్లి పెట్టెలో అలాంటి పాత పట్టీలు నాలుగు రంగులవి దాచుకుని ఉండవచ్చు, కొడుకు పట్నంలో ఏదో పెద్ద కంపెనీలో చేస్తున్నాడని, అవి ఆ కంపెనీ వాళ్లు కట్టే గుర్తులని నమ్మి. వాడు మత్తుమందు అమ్మిన సంగతి దాచమని నేను అనను, వాణ్ని దేవుణ్ని చేయమనీ అనను. వాడి చేతిలో మాత్రలు కొని ఎవరి బిడ్డయినా పాడైతే అదీ రాయి. అమ్మినవాడికి కూడా ఒక ఇల్లుంటుంది.

నిర్మాతలను ఎలా కలవాలి, టైటిల్ ఇంగ్లీషులో పెడితే బాగుంటుందా, మొదటి పాట ఎక్కడ రావాలి అని కూడా అడిగావు. అవి నాకు పట్టని సంగతులు.

స్క్రిప్టు మొత్తం మళ్లీ పంపవద్దు. నలభై ఆరో పేజీలో "అన్న స్టేషనుకు వస్తాడు, ఏడుస్తాడు, కట్" అని ఒక్క ముక్కలో తేల్చేశావే, ఆ ఒక్క సీనూ రాసి పంపు. హైదరాబాదులో ఏ బస్టాండులో దిగాడు, తెచ్చిన ఫోటో ఏ పెళ్లిలో తీసింది, ఎస్సై కూర్చోమన్నాడా, నిలబెట్టాడా, మీ వాడు ఏం చేసేవాడని అడిగితే ఏమని చెప్పాడు, అన్నీ అందులో ఉండాలి. ఏడుపు అక్కర్లేదు. చేతిరాతతో పంపేట్టయితే కాగితానికి ఒకవైపే రాయి, శుక్లాల ఆపరేషను అయిన దగ్గర నుంచి వెనకవైపు సిరా కనబడితే చదవలేకపోతున్నాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి
మూలాపేట, నెల్లూరు