వ్యాపారంలో పైకి రావాలంటే ఏ అలవాటు ఉండాలి? నా ఓటు బాకీ అడగడానికే

హైదరాబాదులో ఉద్యోగం మానేసి సొంత ఊళ్లో షాపు పెడదామనుకుంటున్నారు, వ్యాపారంలో నెగ్గినవాళ్లలో కనిపించే లక్షణాలు, అలవాట్లు చెప్పమన్నారు. పొద్దున్నే ఐదింటికి లేవాలి, రిస్క్ తీసుకోవాలి, పాజిటివ్‌గా ఉండాలి అని ఎవరైనా చెబుతారు. ఐదింటికి మా వీధిలో పాలవాడూ లేస్తాడు, వాకింగుకి వెళ్లే రిటైర్డ్ మాస్టారూ లేస్తారు. మా ఊళ్లో బాగా సంపాదించిన బట్టల షాపాయన ఎనిమిదైతేగానీ మంచం దిగడు. ఫోను తెరిస్తే చాలు, సూటు వేసుకున్న కుర్రాడెవడో ఎలాన్ మస్క్ గురించి క్లాసు పీకుతుంటాడు. వాడు జన్మలో ఓ కిలో మేకులైనా అమ్మి ఉండడు.

నేను చూసినంతలో కొట్టుని నిలబెట్టే లక్షణం ఒకటే. మనకి రావాల్సిన డబ్బు మొహమాటపడకుండా అడగాలి, అడిగినందుకు మొహాలు చెడకూడదు. గొడవపడి అడగడం ఎవరికైనా వచ్చు. బేరం లేక మూతపడ్డ కొట్లకంటే, బేరం జోరుగా సాగుతూనే ఊరి నిండా బాకీలు పెట్టుకుని మూతపడ్డ కొట్లే ఎక్కువ. కావాలంటే మీ ఊళ్లో షట్టర్ దించేసిన నాలుగు షాపుల గురించి వాకబు చేయండి.

మా చిన్న మావయ్యది తణుకులో హార్డ్‌వేర్, పెయింట్స్ షాపు. డిగ్రీ అయ్యాక ఖాళీగా తిరుగుతున్నానని అమ్మ నన్ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టింది. మేస్త్రీలు, పెయింటర్లు, కాంట్రాక్టర్లతో పని. "బిల్లు రాగానే ఇచ్చేస్తానండి" అనేది ఆ లైనులో జాతీయగీతం. గల్లాపెట్టె వెనక గోడకి 'అప్పు రేపు' అని బోర్డు ఉండేది. దాని కింద నిలబడే అప్పు అడిగేవారు, మావయ్య ఇచ్చేవాడు. ఇవ్వకపోతే అక్కడ బేరమే లేదు.

ఓ కాంట్రాక్టరు పైపులు, పుట్టీ, రంగులు అన్నీ మా దగ్గరే పట్టుకెళ్లాడు. బాకీ రెండు లక్షలు దాటింది. ఫోను ఎత్తడం మానేశాడు. మా కొట్టు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే బండి పక్క సందులోకి తిప్పేసేవాడు. అలాంటివాడు ఓ సాయంత్రం భార్యతో సహా ఇంటికొచ్చి, మా అత్తకి బొట్టు పెట్టి గృహప్రవేశానికి పిలిచాడు. నాకు ఒళ్లు మండింది. "మన రంగులేసుకుని మనకే భోజనం పెడతాడా? నేను రాను" అన్నాను. "పిలిచాక వెళ్లకపోతే ఎలారా?" అని మావయ్య కవర్లో 516 రూపాయలు పెట్టి, పైన పేరు రాసి జేబులో పెట్టుకున్నాడు.

అక్కడ మావయ్య బూరెలు అడిగి మరీ వేయించుకున్నాడు. హాల్లో టైల్స్ బాగున్నాయన్నాడు, పూజగది వెడల్పు చూసి మెచ్చుకున్నాడు. డబ్బు ఊసే లేదు. పాపం ఆ కాంట్రాక్టరే మేం పక్కకి తిరిగితే చాలు ఉలిక్కిపడుతున్నాడు. చివరికి తనే దగ్గరికొచ్చి "అన్నయ్య గారూ, ఆ బాకీ..." అని మొదలెట్టాడు. మావయ్య చేత్తో ఆపేసి, "శుభమా అని ఇల్లు చేరావు, ఇవాళ ఆ మాటెందుకు తమ్ముడూ" అన్నాడు. కవరు చదివించి, తాంబూలం తీసుకుని వచ్చేశాం.

మర్నాడు ఏడు గంటలకి నన్ను వెంటేసుకుని మళ్లీ అదే ఇంటికి. గుమ్మానికి మావిడాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. "నిన్న ఇల్లు చూడ్డానికి వచ్చాం, ఇవాళ పని మీద వచ్చాం తమ్ముడూ" అని వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి టీపాయ్ మీద పెట్టాడు. పట్టుకెళ్లిన సరుకు ఎంత, జమ ఎంత, నిలవ ఎంత. అంతే, మూడు వరసలు. నిలవ ఎంతో ఒక్కసారి పైకి చదివి ఊరుకున్నాడు.

ఆ ఊరుకోవడమే విద్య. కాంట్రాక్టరు కాగితం చూశాడు, గోడ చూశాడు, లోపలికి చూశాడు. కాఫీలొచ్చాయి. ఎవరూ మాట్లాడరు. నాకైతే గుక్క తిప్పుకోవడం కష్టమైపోయి "పర్లేదండీ, మీ వీలు..." అనబోయాను. కుర్చీ కింద మావయ్య నా కాలు తొక్కాడు. కాసేపటికి కాంట్రాక్టరే లోపలికెళ్లి సగానికి పైగా డబ్బు తెచ్చి లెక్కపెట్టాడు. మిగతాది వచ్చే నెల అన్నాడు. "వచ్చే నెలంటే చాలా రోజులుంటాయి కదా తమ్ముడూ, ఏ తేదీ?" అని అడిగి, అదే కాగితం మీద ఇంకా ఇవ్వాల్సినదెంతో, ఎప్పుడిస్తాడో ఆయన చేతే రాయించి సంతకం పెట్టించుకున్నాడు.

మావయ్యకి సెక్షన్లు తెలియవు. కానీ ఆ సంతకానికి విలువ ఉంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికి గడువు 3 ఏళ్లు. ఆ గడువు దాటకముందే బాకీ ఉన్నట్టు అవతలివాడు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ లెక్క మొదలు. మన పల్లెల్లో ప్రామిసరీ నోటు వెనక చెల్లు, అంటే కొంత కట్టినట్టు రాత, వేయించుకునేది ఇలాంటి ఉద్దేశంతోనే. వాట్సాప్‌లో 'అన్నా, కొంచెం చూడు' అని దండం బొమ్మ పెట్టేవాళ్లకి ఇది ఎవరు చెబుతారు?

చెప్పిన తేదీకి మిగతా డబ్బు వచ్చింది. ఆ తర్వాతా ఆయన మా కొట్టుకే వచ్చేవాడు, కాకపోతే రొక్కానికి. పక్క సందు అవసరం తీరిపోయిందన్నమాట.

కొన్ని కుటుంబాల గురించి "వాళ్లకి వ్యాపారం రక్తంలోనే ఉంది" అంటుంటారు. నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ ఇళ్లల్లో పిల్లలు అన్నాలు తింటూనే ఎవరెంత ఇవ్వాలి, ఎవరు వాయిదా వేశారు అన్న మాటలు వింటూ పెరుగుతారు. మన ఉద్యోగస్తుల ఇళ్లల్లో డబ్బు మాటెత్తితే "పిల్లల ముందు అవేంటి" అంటారు. అలాంటి ఇంట్లో పిల్లాడు పెద్దయ్యాక ఫ్రెండ్‌కిచ్చిన రెండు వేలు అడగలేక స్నేహమే మానేస్తాడు.

ఇంకో బాధ చెప్పనివ్వండి, సందర్భం వచ్చింది కాబట్టి. పెయింటు మీద జీఎస్టీ 18 శాతం. నేను అప్పు మీద లక్ష రూపాయల రంగులు ఇచ్చి బిల్లు కొడితే, కొన్నవాడు పైసా ఇవ్వకపోయినా వచ్చే నెలలోనే 18 వేలు లెక్కలో చూపించాల్సిందే. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను అందులోంచి తగ్గుతుంది, నిజమే. ఆ పన్ను కూడా నా జేబులోంచి పోయిందే కదా. పోనీ చిన్న సంస్థలకి 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉందిగా అంటారు. తయారీవాళ్లకి, సర్వీసులవాళ్లకి ఉంది. కొని అమ్ముకునే మాలాంటి కొట్లకి 2021 నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు) ఇచ్చారు గానీ, బ్యాంకు అప్పుల దగ్గర ప్రాధాన్యానికి మాత్రమే. వసూలు మన తిప్పలే.

ఇక మనం ఇవ్వాల్సింది కూడా తేదీకి పడేయాలి. బెజవాడ హోల్‌సేల్‌లో వెంటనే డబ్బు కట్టేవాడికి సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్, అని కొంత తగ్గిస్తారు. ఏడాది తిరిగేసరికి అది షాపు అద్దెకి సరిపోతుంది. డీమార్ట్ వాళ్లు సరుకిచ్చినవాళ్లకి త్వరగా డబ్బు కడతారు కాబట్టే చవగ్గా కొని చవగ్గా అమ్మగలుగుతున్నారు. జనం అక్కడ పప్పు ధర చూస్తారు, నేను ఈ కిటుకు చూస్తాను. బాకీ వసూలు చేయలేనివాడికి ఈ సీడీ ఎప్పటికీ అందదు.

మీరు అద్దెకి షాపు చూడటం, పేరు పెట్టడం, లోగో గీయించడం కాసేపు ఆపండి. ఉద్యోగం మానేయకముందే సెలవు పెట్టుకుని, మీ ఊళ్లో తెలిసిన కొట్టు ఏదైనా చూసుకుని వాళ్ల వసూళ్లకి తిరిగి రండి. నలుగురి గుమ్మాల్లో కూర్చుని నిలవ చదివి ఊరుకోవడం మీ వల్ల అవుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. నేర్చుకోవడానికి వెళ్తున్నారు కాబట్టి జీతం వద్దనండి. బండి పెట్రోలు డబ్బులు మాత్రం అడిగి తీసుకోండి, అది కూడా ఆ రోజుది ఆ రోజే.