పట్టీ వదులైతే ఒక లెక్క, బిగిస్తే ఇంకో లెక్క

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా బీపీ, షుగర్ల మీదే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా సంఘం తరఫున ఊళ్లో ఉచిత శిబిరం పెట్టాం. చాలామందికి బీపీ 150 దాటి వచ్చింది. వాళ్లలో కొందరు మర్నాడు ఉపకేంద్రంలో చూపించుకుంటే 130 ఉందన్నారు. మిషన్ పాడైందా?
– యువజన సంఘం సభ్యుడు, నల్గొండ జిల్లా

మిషన్ కంటే ముందు కొలిచిన తీరును అనుమానించండి. శిబిరాల్లో జరిగేది అందరికీ తెలిసిందే. మనిషి ఎండలో నడిచొస్తాడు, వరసలో నిలబడతాడు, టీ తాగుతాడు, స్టూలు మీద కూర్చోగానే పట్టీ కట్టేస్తారు. పట్టీ బిగుస్తుండగానే "మీ ఊరేది, వయసెంత" అని అడుగుతారు. మాట్లాడుతుంటే పై అంకె పది పాయింట్ల దాకా పెరగొచ్చు. మూత్రం ఆపుకుని కూర్చున్నా అంతే. చెయ్యి ఆనించకుండా కిందికి వేలాడేస్తే ఇంకా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ, సన్నని చేతికి పెద్ద పట్టీ కడితే తక్కువ చూపిస్తుంది. మామూలు పట్టీ సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకు సరిపోతుంది. టైలరు టేపు ఒకటి బల్ల మీద ఉంచుకోండి.

వీపు ఆనే కుర్చీ వెయ్యండి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. టీ, బీడీ, చుట్ట అయి అరగంట గడవాలి. పట్టీ చొక్కా చేతి మీద కాదు, ఒంటి మీదే కట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. అయినా 140/90 గానీ, ఆపైన గానీ ఉంటే మరో రోజు మళ్లీ చూడాలి. 180/110 దాటితే మాత్రం వాయిదా వద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి. ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబాటు ఉంటే అంకె ఎంతైనా సరే 108కి ఫోను చెయ్యాల్సిందే.

షుగరు చుక్క పరీక్షకూ ఇలాంటి చిక్కే ఉంది. అప్పుడే అరటిపండు ఒలిచిన వేలు కడుక్కోకుండా పొడిస్తే లేని షుగరు కనిపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే తేమకు పాడవుతాయి. చుక్క పరీక్షలో ఎక్కువ వస్తే అది అనుమానం మాత్రమే. షుగరు జబ్బు ఉందనాలంటే పరగడుపున నరం నుంచి తీసిన రక్తంలో 126 గానీ అంతకు మించి గానీ, లేదా మూడు నెలల షుగరు పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 6.5 గానీ ఆపైన గానీ రావాలి. లక్షణాలు లేనివాళ్లకు దాన్ని కూడా ఇంకోసారి చూసే ఖాయం చేస్తారు.

ప్రశ్న: పరీక్షలైతే చేస్తున్నాం. ఆ తర్వాత మనుషులు రావడం మానేస్తున్నారు. ఏం చెయ్యాలి?
– ఆశా కార్యకర్త, ప్రకాశం జిల్లా

అసలు బరువంతా ఇక్కడే ఉందమ్మా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో 35.5 శాతానికి బీపీ, 11.4 శాతానికి షుగరు ఉన్నాయి. షుగరు పల్లెల్లో కాస్త తక్కువ, పట్నాల్లో ఎక్కువ. అంటే వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఊళ్లో సుమారు మూడు వందల యాభై మందికి బీపీ ఉండొచ్చు. మీ రిజిస్టరులో ఎనభై పేర్లే ఉంటే ఊరు ఆరోగ్యంగా ఉందని మురిసిపోకండి. మగవాళ్లు పొలం నుంచి వచ్చేవేళకు మీరు ఇంటికి వెళ్లిపోతున్నారేమో చూడండి.

బీపీని అదుపులో పెట్టేందుకు 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే కార్యక్రమం తొలి దశ రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో పాటించిన పద్ధతి ఏ ఊరికైనా పనికొస్తుంది. ఒక్కొక్కరికి ఒక కార్డు, ముప్పై రోజుల మందు, తర్వాత రావలసిన తేదీ. ఆ తేదీ దాటినవాళ్ల పేర్లు వారానికోసారి విడిగా రాసుకుని ముందు ఫోను చెయ్యండి, తర్వాత ఇంటికి వెళ్లండి. ఫలితం చూసేటప్పుడు వచ్చినవాళ్లనే లెక్కపెడితే మోసపోతాం. ఆరు నెలల కిందట చేరిన వందమందిలో ఇప్పుడు 140/90 లోపు ఎంతమంది ఉన్నారో చూడాలి. రానివాడిని అదుపులో లేనివాడి కిందే రాయాలి. అలా రాస్తే అంకె చిన్నదవుతుంది, మీటింగులో మాట పడాల్సి రావొచ్చు. అయినా పనికొచ్చే అంకె అదే.

ప్రశ్న: మా నాన్నగారు రెండు నెలలు మాత్ర వేసుకున్నారు. బీపీ 128 వచ్చింది. "తగ్గిపోయింది కదా" అని మానేశారు.
– పాఠకురాలు, కరీంనగర్

ఆ 128 మాత్ర వల్ల వచ్చింది. ఆపితే కొద్ది రోజుల్లోనో వారాల్లోనో పాత అంకె తిరిగొస్తుంది, అదీ ఏ లక్షణమూ చూపించకుండా. చాలామంది పక్షవాతం వచ్చాకే మళ్లీ మాత్ర మొదలుపెడతారు. అటెనలాల్ లాంటివైతే ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదం. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు పాదాల వాపు రావొచ్చు. అది చెప్పకుండా మానేసేవాళ్లూ ఉన్నారు. చెబితే డాక్టరు మోతాదో మందో మారుస్తారు. నాన్నగారు మానడానికి కారణం ఏమిటో కూడా నెమ్మదిగా అడగండి. వాపా, ఖర్చా, "ఒకసారి మొదలెడితే జీవితాంతం వాడాలి" అన్న భయమా తెలిస్తే మాట్లాడటం తేలిక.

ప్రశ్న: ఉప్పు తగ్గించమంటారు. ఇంట్లో తూకం వేసుకుని వండుతామా?
– గృహిణి, తణుకు

తూకం అక్కర్లేదు, ప్యాకెట్ చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ప్రకారం రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉండాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరిగేసరికి అయిపోతుంటే తలకు 8 గ్రాములు దాటినట్టే. ఇందులో ఆవకాయ ఉప్పు లేదు, దానికి వేసవిలో కల్లుప్పు వేరే కొంటారు కదా! అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, బేకరీ సరుకు కూడా ఈ లెక్కకు బయటే.

బీపీ ఉన్నాయన ఒక్కరికే చప్పటి కూర విడిగా వండితే వారం కంటే సాగదు. అందరికీ కలిపే కొంచెం కొంచెంగా తగ్గించండి, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. పెరుగన్నంలో ఉప్పు, జామకాయ మీద ఉప్పు మానడం అన్నిటికంటే సులువు. చింతపండు, నిమ్మరసం, వెల్లుల్లి లోటు కొంత తీరుస్తాయి. సైంధవ లవణం కూడా దాదాపు సోడియం క్లోరైడే, దాని మీద అదనంగా డబ్బు పెట్టొద్దు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టన్ వంటి బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని కొనకూడదు.

ప్రశ్న: మిరప కోతకు తెల్లవారుజామునే వెళ్తాం. మాతో వచ్చే ఒకామె షుగరు మాత్ర వేసుకుని పదింటికి చెమటలు పట్టి కూలబడింది.
– వ్యవసాయ కూలీ, ఖమ్మం జిల్లా

షుగరు పడిపోయి ఉంటుంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకుని చద్దన్నమైనా తినకుండా పనిలోకి దిగితే ఇలా జరుగుతుంది. వణుకు, చెమట, గుండెదడ, తికమక మాటలు దీని గుర్తులు. స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఒంటరిగా ఇంటికి పంపొద్దు, డాక్టరుకు చెప్పించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి చెప్పండి. కొంగున పంచదార పొట్లం కట్టుకుని రమ్మనండి. కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలకు ముందే మోతాదు సంగతి అడిగి పెట్టుకోవాలి.

ప్రశ్న: ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే బీపీకి ఏమైనా అవుతుందా?
– రైతు, అనంతపురం జిల్లా

అవుతుంది. డైక్లోఫినాక్ జాతి నొప్పి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి బీపీ పెంచుతాయి, కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసిన రోజు వేయించుకుంటే దెబ్బ ఇంకా పెద్దది. స్టెరాయిడ్ సూదైతే షుగరును అమాంతం పెంచుతుంది. మామూలు నొప్పికి పారాసెటమాల్ చాలు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు కిడ్నీ ఎలా ఉందో తెలియడానికి ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి.

ప్రశ్న: ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి?
– పాఠకుడు, పాడేరు

వాడుతున్న సీసాను పాలిథిన్ కవరులో చుట్టి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో మూత వేసి నీడన ఉంచండి. మొదలుపెట్టిన తేదీ సీసా మీద రాసి, సాధారణంగా నాలుగు వారాలు దాటాక పారెయ్యండి. తెరవని సీసాలు నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. ఎప్పుడూ తేటగా ఉండే రకం మసకబారినా, కలిపి వాడే తెల్ల రకంలో ఉండలు కట్టినా వాడొద్దు. ఐసుగడ్డ ఆనుకుని గడ్డకట్టిన సీసా కరిగాక మామూలుగానే కనిపించొచ్చు, కానీ పనిచెయ్యదు.