షేరు అయిదు ముక్కలైంది, సొమ్ము ఎక్కడికీ పోలేదు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నౌకరీ వెబ్‌సైట్ నడిపే ఇన్ఫో ఎడ్జ్ షేర్లు 2023 మేలో రూ.4,000 చొప్పున 40 కొన్నాను. ఈమధ్య యాప్ తెరిస్తే ధర రూ.1,300 ఉంది, కొన్న ధర మాత్రం రూ.4,000 అనే చూపుతోంది. మునిగిపోయినట్టేనా? పాప కాలేజీ ఫీజుకు కొన్ని అమ్మాలి.

జవాబు: మునగలేదండీ. ధర పక్కనపెట్టి షేర్ల సంఖ్య చూడండి, 40 బదులు 200 ఉంటాయి. 2025 మే 7 రికార్డు తేదీగా (ఆ రోజు ఎవరి పేరున షేర్లున్నాయో చూసే తేదీ) ఆ కంపెనీ రూ.10 ముఖ విలువ (కంపెనీ షేరుకు పెట్టిన నామమాత్రపు విలువ, మార్కెట్ ధర కాదు) షేరును రూ.2 షేర్లు అయిదుగా విభజించింది. రేణిగుంట రోడ్డులో పది సెంట్ల స్థలాన్ని రెండేసి సెంట్ల ప్లాట్లు చేసి సర్వే నంబరుకు సబ్‌డివిజన్ ఇచ్చినట్టే. షేరుకూ ఐఎస్ఐఎన్ అనే గుర్తింపు నంబరు మారుతుంది. కొత్త షేర్లు మీ డీమ్యాట్ ఖాతాలో (షేర్లు దాచే ఖాతా) పడేలోపు యాప్ 80 శాతం నష్టం చూపించేది ఇందుకే.

మీ అసలు కొనుగోలు ధర రూ.800. మొత్తం పెట్టుబడి అదే రూ.1,60,000. వేరే బ్రోకరు నుంచి షేర్లు బదిలీ చేసుకున్నా, ధర చేత్తో ఎక్కించినా ఒక్కోసారి పాత అంకె అలాగే ఉండిపోతుంది. దాన్ని ఇప్పుడే సరిచేయించండి. ఎందుకంటే 50 షేర్లు రూ.1,300కు అమ్మితే మీకు వచ్చేది రూ.25,000 లాభం. పాత ధరతో లెక్కవేస్తే రూ.1,35,000 నష్టమని రిటర్నులో పడుతుంది, ఆనక నోటీసుకు జవాబు చెప్పుకోవాలి. విభజనలో కొన్న తేదీ మారదు, కొని ఏడాది దాటింది కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం. ఇలాంటి లాభాలన్నీ కలిపి ఏడాదికి రూ.1.25 లక్షలు దాటితేనే, దాటినంత మేరకు 12.5 శాతం పన్ను.

కంపెనీ ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లకు ఈ లెక్క పనికిరాదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 2022 నవంబరులో సౌందర్య సాధనాలు అమ్మే నైకా ఒక షేరుకు అయిదు బోనస్ ఇచ్చింది. ఐపీఓలో (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మినప్పుడు) రూ.1,125 చొప్పున 10 షేర్లు దక్కినవారికి 60 అయ్యాయి. పన్ను లెక్కలో మొదటి 10 షేర్ల ధర రూ.1,125గానే ఉంటుంది, బోనస్ 50 షేర్ల ధర సున్నా. బోనస్ షేర్లు అట్టేపెట్టుకున్న కాలం కూడా కేటాయించిన రోజు నుంచే మొదలు. అమ్మినప్పుడు ముందు కొన్నవే ముందు పోయినట్టు లెక్క. బోనస్ తర్వాత షేరు ధర దాదాపు ఆరో వంతుకు తగ్గుతుంది గనుక మొదటి 10కి నష్టం కనిపించి, ఆ తర్వాత అమ్మినదంతా లాభంగా తేలుతుంది.

విభజనకు ముందు కొనిపెట్టుకుంటే లాభమా అని కూడా అడుగుతుంటారు. విభజన వల్ల కంపెనీ సంపాదన పైసా పెరగదు. 2021 అక్టోబరు 28న ఐఆర్‌సీటీసీ షేరు విభజన ధరలో ట్రేడయింది. ఆ సాయంత్రమే రైల్వే శాఖ టికెట్ కన్వీనియెన్స్ ఫీజులో సగం వాటా అడిగింది. మర్నాడు షేరు ఒక దశలో పావు వంతుకు పైగా పడింది, నిర్ణయం వెనక్కి తీసుకున్నాక కోలుకుంది. ఆ పతనానికీ, కోలుకోవడానికీ విభజనతో సంబంధం లేదు.

మీలాంటివారికి దీనివల్ల దొరికే సౌకర్యం ఒక్కటే. షేరు రూ.6,500 ఉండగా పదివేలు కావాలంటే రెండు షేర్లు, అంటే రూ.13,000 అమ్మాలి. ఇప్పుడు ఎనిమిది అమ్మితే రూ.10,400 వస్తుంది. పాత ధరలకు పెట్టుకున్న జీటీటీ ఆర్డర్లు (చెప్పిన ధర వచ్చినప్పుడు వాటంతట అవే నడిచేవి) చాలా బ్రోకర్ల దగ్గర రద్దయిపోతాయి, స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమనే ఆర్డరు) ఉంటే కొత్త ధరకు మళ్లీ పెట్టండి. అమ్మిన మర్నాటి పనిదినానికి సొమ్ము బ్రోకరు ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి బ్యాంకుకు మార్చుకోవాలి. మధ్యలో శని, ఆదివారాలు వస్తాయి గనుక ఫీజు గడువుకు కనీసం నాలుగు పనిదినాల ముందే అమ్మండి.