ముందు ఆ డీబగ్గర్‌ని పక్కన పెట్టి చూడు

తమ్ముడూ,

పీహెచ్‌పీ భాషలో రాసిన స్క్రిప్ట్ సగంలో "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని ఆగిపోతోందనీ, మూడు రోజులుగా ఆ ఫంక్షన్‌నే తిరగరాస్తున్నాననీ రాశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ పని. కాసేపు కోడ్ ముట్టుకోవడం ఆపు.

మన కోడ్‌లో తప్పుంటే పీహెచ్‌పీ సాధారణంగా ఫైలూ లైనూ చెప్పి మరీ ఆగుతుంది. ఏమీ చెప్పకుండా ఎగ్జిట్ కోడ్ 139తో పోయిందంటే, కూలింది స్క్రిప్ట్ కాదు, దాన్ని నడిపే ఇంజినే. 139 అంటే 128కి 11 కలిపిన అంకె. లినక్స్‌లో 11వ సిగ్నల్ అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్నట్టు. అంతులేకుండా తనను తానే పిలుచుకునే ఫంక్షన్ ఏదైనా ఉందేమో ముందు చూసుకో. లేదంటే పీహెచ్‌పీకి అదనంగా తగిలించే, సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్లను అనుమానించాలి. వాటిలో మొదట ఎక్స్‌డీబగ్ లాంటివి, అంటే కోడ్‌లో తప్పులు వెతకడానికి వాడే డీబగ్గర్లు. చాలా ఎక్స్‌టెన్షన్లు పిలిస్తేనే పలుకుతాయి. ఇది మాత్రం ఇంజిన్ లోపల కూర్చుని మన ఫంక్షన్ కాల్స్‌ని కనిపెట్టుకుని ఉంటుంది.

కాబట్టి దాన్ని తీసేసి నడిపి చూడు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎక్స్‌డీబగ్ మోడ్‌ని "ఆఫ్" చేస్తే అది పని మానేస్తుంది కానీ లోడ్ అవడం మానదు. ఇనీ ఫైల్లో (పీహెచ్‌పీ సెట్టింగులుండే ఫైలు) జెండ్ ఎక్స్‌టెన్షన్ అని ఉన్న ఆ లైన్ ముందు సెమీకోలన్ పెడితేనే పూర్తిగా పోతుంది. "మైనస్ ఎన్" ఆప్షన్‌తో నడిపితే ఇనీ ఫైళ్లేవీ చదవదు గానీ, దాంతోపాటు నీకు అవసరమైన ఎక్స్‌టెన్షన్లూ పోవచ్చు. అప్పుడు "ఫంక్షన్ లేదు" అని వచ్చే ఎర్రర్‌ని చూసి పాత క్రాషే అనుకోకు. ఇంకోటి, కమాండ్ లైన్‌కీ, వెబ్ సర్వర్ తరఫున పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎమ్‌కీ చాలాచోట్ల ఇనీ ఫైళ్లు వేరువేరు. ఒకటి మార్చి రెండోదాన్ని మర్చిపోయి, ఎఫ్‌పీఎమ్‌ని రీస్టార్ట్ చేయకుండా "తేడా ఏం లేదు" అని నేనే ఓ సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

తీసేశాక క్రాష్ ఆగిందా? సంతోషించు గానీ అప్పుడే తీర్పు చెప్పకు. పీహెచ్‌పీ వెర్షన్‌కీ ఎక్స్‌డీబగ్ వెర్షన్‌కీ పొత్తు కుదురుతుందో లేదో చూడు. ఏ ఫంక్షన్‌కి ఎంత సమయం పట్టిందో కొలిచే ప్రొఫైలర్ లాంటి మరో ఎక్స్‌టెన్షన్ కూడా ఇంజిన్‌లో అదే చోట చెయ్యి పెడుతోందేమో చూడు. రెండూ కలిసినప్పుడే కూలి, విడివిడిగా బాగానే నడిచే సందర్భాలుంటాయి. ఒక్కోసారి ఒక్కటే మార్చు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

స్క్రిప్ట్‌లో ఒక ఎకో (తెరమీద అక్షరాలు చూపే ఆదేశం) పెడితే క్రాష్ మాయమైంది అన్నావే, దాన్ని నమ్మకు. మెమరీ ఒకచోట పాడైతే ఇంజిన్ ఇంకోచోట కూలుతుంది. లైన్ చేర్చడంతో ఆ చోటు జరిగిందంతే, జబ్బు లోపలే ఉంది. అందుకే ఊహలు మాని జీడీబీ (సీ ప్రోగ్రాముల డీబగ్గర్) కింద నడుపు. కూలిన వెంటనే "బీటీ" అని కొడితే, ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్లి పడిందో వరసగా చూపిస్తుంది. వాటిలో ఎక్స్‌డీబగ్ పేరుతో మొదలయ్యేవి ఉంటే దారి దొరికినట్టే. పేర్ల బదులు ప్రశ్నార్థకాలే వస్తే, ఫంక్షన్ల పేర్లు తెలిపే డీబగ్ సింబల్స్ ప్యాకేజీ వేసి మళ్లీ నడుపు.

ఈలోగా నీ పని ఆగకూడదు కదా, ఆ లైన్ ముందు సెమీకోలన్ అలాగే ఉంచి పని కానిచ్చుకో. బ్యాక్‌ట్రేస్‌లో, అంటే బీటీ చూపించిన ఆ వరసలో, పై పది లైన్లూ, రెండింటి వెర్షన్ నంబర్లూ, కుదించగలిగినంత కుదించిన స్క్రిప్టూ నాకు పంపు. బగ్ రిపోర్ట్ రాయాల్సి వచ్చినా వాళ్లు అడిగేవి అవే.

అన్నయ్య