డ్రాగన్ల ఆట విసుగొస్తే

ప్రశ్న: మిత్రులం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. పదో లెవెల్ దాటాక ఒక్క పోరాటానికే రెండు గంటలు పడుతోంది. ఆట రూల్స్‌ని ఇతరులు వాడుకునే లైసెన్సు మీద అభిమానుల గ్రూపుల్లో గొడవలూ తెగట్లేదు. మానేయాలనుంది. ఎలా?

జవాబు: సగం తప్పు రూల్స్‌దే. 11వ లెవెల్ ఫైటర్‌కి (యోధుడి పాత్రకి) ఒక్క యాక్షన్‌లోనే మూడు దాడులు. పైగా, లాంగ్ రెస్ట్‌కీ (పాత్రలు శక్తులు తిరిగి తెచ్చుకునే పెద్ద విశ్రాంతికీ) లాంగ్ రెస్ట్‌కీ మధ్య ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయని పుస్తకం లెక్క. అన్ని ఎవరు ఆడతారు? ఒకటీ రెండుతో సరిపెడితే విజార్డ్ మంత్రాలన్నీ ఒకేసారి కుమ్మరిస్తాడు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు.

మానేసే సంగతి డీఎంకి (ఆట నడిపే డంజన్ మాస్టర్‌కి) ముందే, విడిగా చెప్పండి. మీ పాత్ర కథ ముగించడానికి రెండు మూడు సెషన్లు ఇవ్వండి. హఠాత్తుగా మాయమైతే ఆ పాత్రను మోయాల్సింది డీఎమ్మే.

డైస్ మాత్రం అమ్మకండి, ఇలాంటి వేరే ఆటలకి పనికొస్తాయి. కాల్ ఆఫ్ కతుల్హులో నైపుణ్యం 55 ఉంటే, రెండు పదిముఖాల డైస్ (ఒకటి పదుల స్థానానికి, ఒకటి ఒకట్ల స్థానానికి) వేసి 55 గానీ అంతకన్నా తక్కువ గానీ తెచ్చుకుంటే గెలుపు. బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌కి మామూలు ఆరుముఖాలవే చాలు: పడ్డవాటిలో పెద్దది 6 అయితే పని జరిగినట్టు, 4, 5 అయితే జరుగుతుంది గానీ ఏదో చిక్కు తగులుకుంటుంది. ముందు ఒక్క సాయంత్రంలో ముగిసే కథతో చూడండి.

లైసెన్సు గొడవంటారా? అది 2023 జనవరిది. ఆ నెలలోనే ఎస్‌ఆర్‌డీ 5.1ని (ఆట మూల రూల్స్ పత్రాన్ని) ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చేశారు. నోటిఫికేషన్లు ఆపేయండి.